ఎదురు బల్ల

మా ప్రెస్సులో యజమాని దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే ముసలాయన దాకా అందరూ ఆమెను పడవక్క అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆమె పుస్తకాలు కుట్టేది. మేడ మీద పొడవాటి గదిలో పదహారేళ్ళు పక్కపక్కన పనిచేశాం గనుక ఆమె సంగతులన్నీ నాకు తెలిశాయి. ఒక్కసారిగా కాదు. ఆమె దారానికి మైనం రాస్తూ రెండు మాటలు, జిగురు ఆరేలోగా నాలుగు మాటలు చెప్పేది. మిగతాది నేనే అతుక్కున్నాను.

వారమంతా తల వంచుకుని కుట్టే మనిషి శనివారం మూడు దాటేసరికి మారిపోయేది. చూపు కిటికీలోంచి ఆకాశం మీదికి పోయేది. ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి గాలి దిక్కు లెక్కకట్టేది. "రేపు తూర్పు గాలి. చేప ఒడ్డుకి రాదు. అయినా పోతాను," అనేది. గాలి ఎటు వీచినా ఆదివారం తెల్లవారేసరికి ఆమె చెరువు దగ్గర ఉండాల్సిందే.

ఆ చెరువులో ఆమెకో పడవ ఉండేది, అది వాళ్ళ నాన్న చేసింది. ఆయన వడ్రంగి. జీవితమంతా తలుపులూ కిటికీలూ చేశాడు. ఒక ఏడాది పెద్ద మేడ కట్టినవాళ్ళ దగ్గర మంచి కర్ర మిగిలిపోతే అడిగి తెచ్చుకుని, ఆరు నెలలు తంటాలు పడి పన్నెండు అడుగుల పడవ చేశాడు. తలుపులు చేసిన చెయ్యి కదా, పడవ కూడా తలుపంత దిట్టంగా, తలుపంత బరువుగా వచ్చింది. "నీళ్ళలో వేస్తే తేలుతుందో, గడియ పెట్టుకుని కూర్చుంటుందో!" అని ఇరుగుపొరుగు నవ్వారు. తేలింది.

తల్లి లేని ఇల్లు. ఆదివారం పిల్లలిద్దర్నీ ఇంట్లో వదల్లేక ఆయన వెంట తీసుకుపోయేవాడు. పెద్దదైన పడవక్కకి ఓపిక ఎక్కువ, చిన్నదానికి బలం ఎక్కువ. అందుకని పెద్దదాని చేతికి గాలం ఇచ్చాడు, చిన్నదాని చేతికి తెడ్లు ఇచ్చాడు. తనేమో ఒడ్డున కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, "ఎడమ తెడ్డు లాగవే! బెండు మునిగింది, చూడవే!" అని కేకలేసేవాడు. అలా మొదలైంది వాళ్ళ జోడీ.

చిన్న పడవలో తెడ్లు వేసే మనిషి పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎదురు బల్ల మీద కూర్చున్న మనిషి ముఖమే ఆమెకు కనిపిస్తుంది. చెల్లెలికి దారి కనిపించదు. అక్క కళ్ళెటు తిరిగితే అటు పడవ తిప్పేది. నోటితో చెప్పాల్సిన పని లేదు. పదేళ్ళ వయసునుంచి ముప్ఫై దాటేదాకా వారానికి ఒక పూట వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరి మీద మనసుపడ్డారో, ఎవరంటే ఒళ్ళుమంటో, అన్నీ ఆ రెండు బల్లల మధ్యే చెప్పుకున్నారు. అక్కను పెళ్ళిచూపులకి వచ్చి చూసి వెళ్ళిన పిల్లాడి గురించి, "మనిషి మంచివాడే, చెవులే కాస్త పెద్దవి," అని చెల్లెలు తీర్పు చెప్పింది కూడా అక్కడే.

ఆ పెద్ద చెవులాయనే పడవక్క భర్త. బస్సు డ్రైవరు. రోజుకి పది గంటలు గుంతల రోడ్డు మీద బస్సు నడిపే మనిషి, పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి పడవెక్కి నాలుగు బారలు పోయేసరికి కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నాడు. మళ్ళీ ఎక్కలేదు. "రోడ్డు ఎంత ఊపినా ఊగుతాను. నీళ్ళు ఊపితే మాత్రం నా వల్ల కాదు," అనేవాడు.

పెళ్ళిళ్ళయినా ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు గనుక ఆదివారాలు ఆగలేదు. ఆగినవి నాన్న మంచం పట్టి పోయినప్పుడు.

ఆయన నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. చివరి వారం కూతుళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. రెండు రోజులు వాన దంచికొట్టి మూడో రోజు పొద్దున్న వెలిసింది. ఆయన పెద్దదాన్ని దగ్గరికి పిలిచాడు. "పడవలో నీళ్ళు నిండి ఉంటాయి. తోడి రా తల్లీ," అన్నాడు. ఆమె వెళ్ళింది. చెల్లెలు అప్పుడు వంటింట్లో మందు వేడిచేస్తోంది. ఆ మాట విన్లేదు.

పడవ నిజంగానే అంచుదాకా నిండి ఉంది. డబ్బాతో గంటసేపు తోడింది. తోడి నడుం ఎత్తేసరికి చెరువు అద్దంలా ఉంది. వాన వెలిశాక చేప ఆకలి మీద ఉంటుంది. గాలపు కర్ర పడవలోనే ఉంది. నాలుగు నెలలుగా ఆమె నీళ్ళ మొహం చూడలేదు. ఒక్కసారి అనుకుంది. ఎర గుచ్చి వేసింది. అరగంట గడిచింది.

చేతిలో చేపతో వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు.

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. అక్కను చూసింది, చేతిలో చేపను చూసింది. "నాన్న పోతుంటే నువ్వు చేపలు పడుతున్నావా?" అంది. గట్టిగా అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. అందుకే వీధిలో అందరికీ వినిపించింది.

పడవక్క బదులు చెప్పలేదు. "నాన్నే పంపాడు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాన్న పంపింది నీళ్ళు తోడమని. చేప నాన్న చెప్పింది కాదు.

నెల తిరక్కుండా చెల్లెలి భర్తకు బదిలీ అయింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టేంత దూరం. సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. స్టేషనుకి బావ వెళ్ళాడు, అక్క వెళ్ళలేదు.

అది మొదలు తొమ్మిదేళ్ళు అక్కచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. పూర్తిగా తెగిపోలేదు కూడా. మధ్యలో డ్రైవరుగారు ఉండేవాడు. పదిహేను రోజులకోసారి మరదలికి ఫోను చేసేవాడు. ఇటునుంచి పడవక్క గిన్నెలు తోముతూ, "జ్వరం తగ్గిందేమో అడుగు," అనేది. అటునుంచి, "అక్క నడుం నొప్పికి ఏం వాడుతోంది బావా?" అని వచ్చేది. "నేనేమన్నా తీగనా? మీలో మీరు మాట్లాడుకు చావచ్చుగా!" అని ఆయన విసుక్కునేవాడు. ఫోను చెయ్యడం మాత్రం మానలేదు.

పడవక్క తెడ్లు వేయడం ముప్ఫై అయిదో ఏట నేర్చుకుంది. అరచేతులు బొబ్బలెక్కి సోమవారం సూది పట్టుకోలేక నా చేత దారం ఎక్కించుకున్న రోజులు నాకు గుర్తే. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఇద్దరి బరువుకి సరిపోయేలా నాన్న తెడ్ల బల్లను కాస్త ముందుకు బిగించాడు. ఒక్కరే కూర్చుంటే ముక్కు దిగబడి, వెనక భాగం పైకి లేచేది. గాలి కొంచెం తగిలితే చాలు, పడవ మాట వినేది కాదు. చివరికి ఒక బస్తాలో ఇసక నింపి, మూతి కుట్టి, దాన్ని ఎదురు బల్ల మీద కూర్చోబెట్టింది. బైండింగు మనిషి కదా, ఆ కుట్టు చూసి తీరాల్సిందే. అప్పుడు పడవ సమంగా నిలబడింది.

ఆ బస్తాను ఎత్తి పడవలో పెట్టాల్సింది డ్రైవరుగారే. ఆయనే దానికి మరదలని పేరు పెట్టాడు. "మరదలికంటే ఇదే నయం. ఎదురు చెప్పదు, చెవుల గురించి ఎగతాళి చెయ్యదు," అనేవాడు. పడవక్క నవ్వేది. నవ్వి, పడవ తోసుకుని వెళ్ళేది. తెడ్డు వేసినంతసేపూ ఎదురుగా ఆ బస్తాయే. "నోరు తెరిచి దాంతో మాట్లాడలేదు కదా ఎప్పుడూ?" అని ఒకసారి నవ్వులాటకి అడిగాను. ఆమె జిగురు కుంచె దించకుండానే, "ఒకటి రెండుసార్లు," అంది. నేను ప్రూఫుల్లో తల దూర్చేశాను.

చేపలు పెద్దగా పట్టేది కాదు. పట్టినా సగం వదిలేసేది. కానీ పడవ బాగు మాత్రం ఒక్క ఏడాది తప్పలేదు. ఎండాకాలంలో వారం సెలవు పెట్టి, పడవను ఒడ్డుకి లాగించి బోర్లా వేసేది. నాచు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పలకల సందుల్లో నూలు కుక్కి, గుగ్గిలం నూనెలో మరిగించి పూసేది. సెలవు నుంచి వచ్చాక నెల రోజులు ఆమె కుట్టిన పుస్తకాలన్నీ గుగ్గిలం వాసన వేసేవి.

తొమ్మిదో ఏడు అలా పడవ బోర్లేసి గీకుతుంటే అడుగునుంచి మూడో పలక దగ్గర శబ్దం తేడాగా వచ్చింది. పుస్తకాలకు బెజ్జాలు వేసే ఆరె సంచిలోనే ఉంది. తీసి పొడిచింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. మూరెడు మేర పలక పుచ్చిపోయింది.

కొత్త పలక సంపాదించడం, కొలిచి కోయించడం పెద్ద పని కాదు. బిగించడం దగ్గర వచ్చింది తిప్పలు. బయటనుంచి రాగి మేకు కొడుతుంటే, లోపలినుంచి ఇంకొకరు బరువైన ఇనపదిమ్మ అదిమి పట్టుకోవాలి. అప్పుడే మేకు మొన లోపల మడతపడి పలకను కరుచుకుంటుంది. నాన్న మేకు కొడితే చెల్లెలు పడవ కింద దూరి దిమ్మ పట్టేది. చిన్నప్పుడు ఆ పిల్ల ఒక్కతే ఆ సందులో ఇమిడేది మరి.

"నేను పడతాలే," అన్నాడు డ్రైవరు.

"నీకు చేతకాదు."

"ఇనుము పట్టుకోవడం చేతకాదా? ఇరవై అయిదేళ్ళుగా స్టీరింగు పట్టుకున్నాను!"

"అది వేరు, ఇది వేరు. దీనికి చెయ్యి తెలియాలి."

అది పచ్చి అబద్ధమని ఆయనకి తెలుసు. దారిన పోయేవాణ్ణి పిలిచినా పట్టగలడు. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళి ఫోను చేశాడు.

"ఏం మరదలా, మీ నాన్న వేసిన పలక ఒకటి పుచ్చింది. కొత్తది వేయాలి. లోపల దిమ్మ పట్టడానికి మనిషి లేదంటోంది మీ అక్క."

ఫోను కట్టయిందేమో అనుకున్నాడట. తర్వాత, "ఎప్పుడు?" అని వినిపించింది.

నాలుగో రోజున దిగింది. నలభై రెండేళ్ళ మనిషి, కణతల దగ్గర నెరిసింది, కాస్త ఒళ్ళు చేసింది. గుమ్మంలో అక్కచెల్లెళ్ళు ఎదురుపడ్డారు. డ్రైవరుగారు మరదలి సంచి అందుకుని పక్కకి తప్పుకున్నాడు.

"భోంచేశావా?" అంది అక్క.

"రైల్లో తిన్నాను. పలక ఏ మందం?"

"ముప్పావు అంగుళం."

"సరిపోతుంది."

తొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మాటలు అవీ. ఇప్పటికీ డ్రైవరుగారు ఆ సంభాషణ వల్లించి నవ్వుతాడు.

రెండు రోజులు పని చేశారు. బోర్లా వేసిన పడవ కింద చెల్లెలు, బయట అక్క. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. "ఉందా?" అని అక్క అడిగేది. "ఉంది, కొట్టు," అని లోపలినుంచి గొంతు వచ్చేది. దెబ్బ. "తర్వాతది." "ఉందా?" "ఉంది." ముప్ఫై ఆరు మేకులు. ఆ చెక్క అవతల చెల్లెలి ఊపిరి వినిపిస్తుంటే సుత్తి ఎత్తడానికి చెయ్యి రాలేదని, ఇంకో నాలుగు మేకులుంటే బాగుండుననిపించిందని పడవక్క నాతో చెప్పింది.

రెండో రోజు సాయంత్రం చెల్లెలు పడవ కిందినుంచి పాకుతూ బయటికి వచ్చి, పక్కనే ఉన్న ఇసక బస్తాను చూసింది. "ఇదేంటి?"

అక్క సుత్తి తుడవసాగింది. డ్రైవరుగారు ఊరుకుంటాడా! "అది నువ్వే మరదలా. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను," అన్నాడు.

ఆమె వంగి రెండు చేతులా బస్తాను లేపి చూసింది. "నేనింత బరువుంటానా?" అని నవ్వబోయి, దాని మూతి దగ్గరి కుట్టు మీద వేలు పెట్టి అలాగే ఆగిపోయింది. వేలు కుట్టు వెంట చివరిదాకా పోయింది.

మర్నాడు పొద్దున్నే పడవ నీళ్ళలోకి దింపారు. చెల్లెలు అడక్కుండానే తెడ్ల దగ్గర కూర్చుంది. అక్క గాలం పట్టుకుని ఎదురు బల్ల మీద కూర్చుంది. అక్క కళ్ళు రెల్లు పొదల వైపు తిరిగాయి, పడవ అటు తిరిగింది. కొత్త పలక సందుల్లోంచి సన్నగా నీరు ఊరుతోంది, అది మామూలే. బెండు నీళ్ళ మీద నిలబడింది. చాలాసేపటికి చెల్లెలు తెడ్లు లోపలికి లాగి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది.

"ఆ రోజు నిన్ను నాన్నే పంపాడు కదూ?"

అక్క తలెత్తింది. "నీకెవరు చెప్పారు?"

"నాన్నే. నువ్వెళ్ళిన కాసేపటికి. పెద్దదాన్ని పడవ దగ్గరికి పంపాను అన్నాడు. అదే చివరి మాట."

"అంటే తెలుసు నీకు. ఆ మాట అనేటప్పటికే తెలుసు."

"తెలుసు."

"మరి ఎందుకన్నావే?"

చెల్లెలు నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. "నాలుగు నెలలు మందులూ మాకులూ అన్నీ నేనే చూశాను. చివరికి ఆయన మనసు పడవ మీద ఉంది. పడవ దగ్గరికి పంపాల్సి వస్తే నిన్ను పంపాడు. నన్ను పంపలేదు. నాకూ వెళ్ళాలని ఉంది అక్కా. ఆ చావు గదిలోంచి బయటపడి, ఒక్క గంట తెడ్డు వెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. నువ్వు చేపతో వస్తుంటే చూడలేకపోయాను."

సినిమాల్లో అయితే ఇక్కడ ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తారు. పడవక్కకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు! నాలుగు వందల పైచిలుకు ఆదివారాలు ఆ బస్తా ముఖం చూస్తూ గడిపింది. తెలిసీ తెలియనట్టు ఊరుకుందా ఈ మనిషి? దారం చుట్టేసి, "ఒడ్డుకి పోనీ," అంది. ఆ రోజంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. డ్రైవరుగారు డ్యూటీ లేకపోయినా డిపోకి వెళ్ళి కూర్చున్నాడు.

మరుసటి మధ్యాహ్నం చెల్లెలికి రైలు. తెల్లారి పడవక్క లేచి చూస్తే చెల్లెలి పక్క ఖాళీగా ఉంది. చెప్పకుండా వెళ్ళిపోయిందా? సంచి మాత్రం మూలనే ఉంది. గబగబా చెరువు దగ్గరికి నడిచింది. చెల్లెలు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పడవలోంచి డబ్బాతో నీళ్ళు తోడుతోంది.

"తోడకు," అంది అక్క. "కొత్త పలక కదా, ఉబ్బాలి. ముంచెయ్యాలి దీన్ని. మూడు రోజులు నీళ్ళ కింద ఉంటే సందులు వాటంతటవే మూసుకుంటాయి."

చెల్లెలు డబ్బా పక్కన పెట్టింది. ఇద్దరూ ఒడ్డునుంచి రాళ్ళు ఏరి తెచ్చి ఒక్కొక్కటే పడవలో పేర్చారు. పడవ కొంచెం కొంచెంగా దిగింది. అంచు నీటికి సమమైంది. నీళ్ళు లోపలికి మెల్లగా పొర్లాయి. అడుగు ఇసకకు ఆనింది. మూరెడు నీళ్ళ అడుగున పడవంతా స్పష్టంగా కనిపిస్తోంది. రెండు బల్లలూ, కొత్త పలకా, ఎర్రగా ముప్ఫై ఆరు మేకుల వరసా.

అప్పుడు అక్క చెప్పింది. "నాన్న నన్ను నీళ్ళు తోడమనే పంపాడు. చేప పట్టమని కాదు. ఆ అరగంట నాది. అందుకే ఆ రోజు నోరెత్తలేదు."

చెల్లెలు నీళ్ళ కింది పడవను చూస్తూ, "ఎంతుంది ఆ చేప?" అంది.

"అరచెయ్యంత."

"నాన్నయితే వదిలేసేవాడు."

"అవును. వదిలేసేవాడు."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చారు. నానిపోయి అరికాళ్ళు ముడతలు పడేదాకా ఆ నీళ్ళలోనే నిలబడ్డారు.

ఈసారి పడవక్క స్టేషనుకి వెళ్ళింది. రైలు కదిలేటప్పుడు చెల్లెలు కిటికీలోంచి, "వచ్చే ఎండాకాలం వస్తాను, నూలు ఎక్కువ తెచ్చిపెట్టు," అంది.

ఆ ఎండాకాలం చెల్లెలు రాలేకపోయింది. భర్తకు ఆపరేషను. ఆపై ఏడు కూతురి కాన్పు. ఆ తర్వాత తనకే మోకాలు పట్టేసింది. ఇప్పుడు మధ్యలో డ్రైవరుగారి అవసరం లేదు. ప్రతి ఆదివారం ఇద్దరూ గంట మాట్లాడుకుంటారు. పడవ చుక్క కారడం లేదు. నాన్న వేసిన పలకలకన్నా ఆ పలకే గట్టిగా ఉందని పడవక్క అంటుంది.

ఒకరోజు కుట్టిన ఫారాలు నొక్కుడు మరలో బిగిస్తూ నాతో అంది. "తమ్ముడూ, అప్పుడే నయమనిపిస్తుంది ఒక్కోసారి. కోపంతో ఎదురుచూసేదాన్ని. కోపం ఉంటే పొద్దుపోతుంది. ఇప్పుడు ఏ కోపమూ లేదు. ఊరికే ఎదురుచూస్తున్నాను. ఇదే కష్టంగా ఉంది."

ఇంతలో ఆమె ఫోను మోగింది. ఆదివారం కాదు, మంగళవారం. జిగురంటిన వేళ్ళతోనే తీసింది. అటువైపు గొంతు నాకూ వినిపించింది.

"అక్కా, అక్కడ వానలు పడ్డాయటగా. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?"

"రెల్లు పొదలు సగం మునిగాయి."

"అయితే ఇప్పుడు అటు పోతే చేప ఉంటుంది."

"ఉంటుంది. నువ్వొచ్చేసరికి కూడా ఉంటుందిలే."

"ఎడమ వైపునుంచి పో. కుడి వైపు మొద్దు ఉంది, గుర్తుందిగా?"

"గుర్తుంది," అంది పడవక్క. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఫోను మాత్రం ఎవరూ పెట్టెయ్యలేదు.